మూడో వరుస

ఢిల్లీ,
20-7-1963

అన్నకు వేదవల్లి నమస్కారాలు. అవ్వ కాళ్ళకు మొక్కానని చెప్పు. వదినను అడిగానను. శివకామి బుగ్గ ఏడవకుండా ఒకసారి గిల్లు.

వదిన కట్టిచ్చిన పులిసాదం పొట్లం నాగపూరు దాకా వచ్చింది. హాస్టల్లో పాత గదే ఇచ్చారు. ఈ ఏడు గదిలో తోడు కొత్తమ్మాయి, పేరు రాజ్యలక్ష్మి, గుడివాడ దగ్గరిది. తెలుగు పిల్ల దొరికిందని సంబరపడి, "యెప్పుడు వచ్చినావు? తిన్నావా, ఇంకా లేదా?" అని మన మాటలోనే పలకరించాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "మీది ఏ భాషండీ?" అంది. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇక అసలు సంగతి. మొదటి ఏడు స్పానిష్ రాత పరీక్ష గట్టెక్కాను కానీ మాట పరీక్షలో కొన ఊపిరితో బయటపడ్డాను. మా ప్రొఫెసరు ఎల్విరా అమ్మది స్పెయిన్ దేశం. ఎండాకాలంలో కూడా నల్లబట్టలే కడుతుంది. ఆమె నన్ను పిలిచి, "నీకు వ్యాకరణం వచ్చు, నోరు రాదు. ఈ ఏడు సాహిత్యం క్లాసులో కూర్చో. పాటలు, నాటకాలు, కథలు పైకి చదువు. భాష గట్టిపడే దారి అదొక్కటే" అంది. మార్చిలో ముగ్గురు పరీక్షకుల ముందు నిలబడి మాట్లాడాలి. అందులో నెగ్గితే మూడో ఏడు, ఆ తరవాత సర్కారులో దుబాసీ ఉద్యోగం. పోతే స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది, పెద్దనాన్నకు ఇచ్చిన మాట ప్రకారం మూటా ముల్లే సర్దుకుని ఇంటికి వచ్చి టీచరు ట్రైనింగులో చేరడమే. మిల్లు ఆఫీసు పేపర్లో ప్రకటన చూసి, కత్తిరించి తెచ్చి, నా చేత అప్లికేషన్ పెట్టించింది నువ్వు. కాబట్టి నా భయంలో సగం వాటా నీది.

నేను తెలుగును తమిళ అక్షరాల్లో రాస్తుంటే రాజ్యలక్ష్మి భుజం మీదుగా తొంగిచూసి ముక్కున వేలేసుకుంది. మా ఇంట్లో అందరూ ఇలాగే రాస్తారని, తెలుగు అక్షరం మా వీధిలో ఎవరూ ఎరగరని చెప్పాను. నమ్మలేదు.

నీ చెల్లెలు,
పె. వేదవల్లి

రాజపాళయం,
4-8-1963

చిరంజీవి వేదవల్లిని అన్న బాలకృష్ణన్ దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. సంజీవి మలై కొండ మీద రెండు రోజులుగా మబ్బు దిగి ఉంది, కానీ చుక్క రాలలేదు. మిల్లులో షిఫ్టు మార్చారు కాబట్టి నీ ఉత్తరం మధ్యాహ్నం వాకిట తిణ్ణె మీద కూర్చుని అందరికీ చదివి వినిపించాను.

సాహిత్యం అన్న మాట దగ్గర పెద్దనాన్న చెయ్యెత్తి ఆపాడు. "కత సదివేదానికి ఢిల్లీ యెందుకురా పోవాల? ఈ తిణ్ణెలో కూసుంటే మీ అవ్వ సెప్పదా?" అన్నాడు. అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. నేను నవ్వలేదు, ఎందుకంటే నా అనుమానమూ అదే. దుబాసీకి కావలసింది వ్యాపారం మాటలు, సర్కారు మాటలు కదా. మనమెవరం పుస్తకం చదివి తెలుగు నేర్చుకోలేదు. ఇంట్లో ఒక్క తెలుగు పుస్తకం లేదు. అయినా పెళ్ళికీ, చావుకీ, పోట్లాటకీ మనకు మాట తక్కువ పడిందా? ప్రొఫెసరమ్మకు కోపం రాకుండా అడిగి చూడు. వేరే పిల్లలను దుబాసీలు చేసి నిన్ను కథలు చదవమని మూల కూర్చోబెట్టారేమోనని నాకు దిగులుగా ఉంది.

శివకామి అవ్వ ఒడి దిగడం లేదు. అవ్వ పాట లేకపోతే నిద్రపోదు. రెండేళ్ళు నిండకముందే దానికి ఇంత రాజసం.

ఇట్లు,
పె. బాలకృష్ణన్

ఢిల్లీ,
15-9-1963

అన్నకు,

మూల కూర్చోబెట్టలేదు, భయపడకు. పాఠ్యపుస్తకంలో ఏముంటుందో తెలుసా? కలం బల్ల మీద ఉంది. బల్ల కిటికీ పక్కన ఉంది. బల్ల మీద కలం ఉందని చెప్పడానికి మనిషికి నోరు తెరవాలని ఎందుకనిపిస్తుంది? ఇప్పుడు వాళ్ళ పాత పాటలు చదువుతున్నాం. గాడిదలు తోలుకుంటూ కొండలు దాటేవాళ్ళు పాడుకున్నవి, బిడ్డ పోయిన తల్లులు పాడుకున్నవి. ఒక నాటకంలో ఇద్దరు తోడికోడళ్ళు బావి దగ్గర తిట్టుకుంటారు. నేను ఒక కోడలి మాటలు చదివాను. చదువుతూ చదువుతూ నిజంగానే కోపం వచ్చి పుస్తకంలో లేని తిట్టు ఒకటి ఆ భాషలోనే తిట్టాను. ఎల్విరా అమ్మ బల్ల చరిచి నవ్వింది. ఏడాదిలో రాని మాట ఆ రోజు వచ్చింది. పెద్దనాన్నకు ఈ సంగతి చెప్పు.

ఇప్పుడు నీతో పని పడింది. మార్చి పరీక్షలో ఒక్కొక్కరం మన మన భాషలోంచి ఒక పాటో పద్యమో వినిపించి, దాన్ని స్పానిష్‌లో పెట్టి, దాని గురించి పరీక్షకులతో మాట్లాడాలి. బెంగాలీ పిల్ల దగ్గర బీరువాడు పుస్తకాలున్నాయి. పంజాబీ పిల్లలకూ ఉన్నాయి. నా వంతు వచ్చేసరికి గడువు అడిగి కూర్చున్నాను. తమిళం చదువుకున్నాను గానీ అది ఇంటి మాట కాదు. ఇంటి మాటలో నాకు పుస్తకం లేదు.

అప్పుడు అవ్వ పాట గుర్తొచ్చింది. మనవాళ్ళు రోకలి పాటగా పాడేది, పూర్వం ఏదో రాజు భయానికి ఆవులను తోలుకుని రాత్రికి రాత్రి దక్షిణానికి వచ్చిన పాట. నాకు రెండు వరుసలే వచ్చు.

యేరు దాటినాము, యెనక సూడొద్దే పిల్లా,
యెనక సూసినాదే పిల్ల, యేరు పొంగినాదే.

మూడో వరుసలో ఆ పిల్ల దేనికోసం వెనక్కి చూసిందో ఉంటుంది. చిన్నప్పుడు ప్రతిసారీ ఆ మాట దాకా వచ్చి నిద్రపోయేదాన్ని. అవ్వ పక్కన కూర్చుని పాటంతా రాసి పంపు. నా పరీక్ష ఆ పాట మీద నిలబడి ఉంది.

పె. వేదవల్లి

రాజపాళయం,
21-10-1963

చిరంజీవి వేదవల్లికి,

తోడికోడళ్ళ సంగతి చదివి మీ వదిన పడీ పడీ నవ్వింది. "ఆ వూరిలో కూడా బావి దగ్గరే కొట్లాటనా?" అని అడిగింది. పెద్దనాన్న మాత్రం, "తిట్టేదానికి సర్కారు సంబళం ఇస్తాదా?" అన్నాడు.

నువ్వు అడిగినట్టే అవ్వ పక్కన కూర్చున్నాను. "సరి, పాడతాను. యెవురు వినేది?" అంది. వేదవల్లి అడిగింది, ఢిల్లీలో దొరల ముందు పాడుతుంది అంటే సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత పాడింది. ఆ పాట ఇందులో రాసి పంపుతున్నాను. ఎంత చక్కటి పాటో చూడు.

కలువరేకుల కనుల కాంత వేకువ వేళ
నదీ తీరమున నిలచి నాథునికై వేచె.

మిగిలింది విడిగా కాగితం మీద ఉంది. ఏరు ఉంది, ఆడపిల్ల ఉంది, ఎదురుచూపు ఉంది. నువ్వు చెప్పిన రెండు వరుసలు ఏదో మోటు పాటలోవి అయి ఉంటాయి. అవి పట్టించుకోకు. పదిమందిలో నిలబడేటప్పుడు మంచి చీర కట్టుకుంటాం కదా, మాట కూడా అంతే. ఆ గుడివాడ పిల్ల ఇంకెప్పుడూ మీది ఏ భాష అని అడగకూడదు.

ఇక్కడ వాన బాగా పడింది. అవ్వకు కొంచెం దగ్గు.

నీ అన్న,
పె. బాలకృష్ణన్

ఢిల్లీ,
18-1-1964

అన్నా,

ఈ ఉత్తరం చూడగానే నీ కళ్ళు పెద్దవవుతాయని తెలుసు. ఇవి తెలుగు అక్షరాలు. రాజ్యలక్ష్మి దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. మన ఇంట్లో మొదటిసారి తెలుగు తెలుగు అక్షరాల్లో వస్తోంది. గుండ్రంగా ఎంత బాగున్నాయో చూడు. కోపంగా ఉన్నాను కాబట్టే ఇంత జాగ్రత్తగా రాస్తున్నాను.

నువ్వు పంపిన పాటను మూడు నెలలు పట్టుకుని కూర్చున్నాను. స్పానిష్‌లో పెట్టాను. క్లాసులో వినిపిస్తే ఎల్విరా అమ్మ, "అందంగా ఉంది. కానీ ఇది నీ గొంతులోంచి రావడం లేదు, ఎక్కడిది?" అంది. మా అవ్వ పాట అని పంతం పట్టాను. నిన్న గదిలో పైకి పాడుకుంటుంటే రాజ్యలక్ష్మి కూడా గొంతు కలిపింది. చివరిదాకా. మా వైపు బొమ్మల కొలువులో ప్రతి ఇంట్లోనూ ఈ పాట గ్రామఫోను పెడతారు, మీ అవ్వకూ వచ్చా అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. అన్నా, కాంత, నాథుడు, తీరం, ఈ మాటలు మన అవ్వ ఏనాడైనా అన్నదా? నేనెలా నమ్మాను?

నువ్వెందుకు చేశావో తెలుసు. మన మాట అంటే నీకు సిగ్గు. నాకూ ఉండేది. కానీ ఇక్కడ చదివిన పాటలన్నీ అలాంటి మోటువాళ్ళవే. వాటిని పుస్తకంలో పెట్టి ఒక దేశం కళ్ళకద్దుకుంటోంది. దయచేసి అవ్వ దగ్గర కూర్చో. తమిళం కలిసినా దిద్దకు. దగ్గు వస్తే ఆగి మళ్ళీ అడుగు. మూడో వరుస తప్పకుండా అడుగు, ఆ పిల్ల దేనికోసం వెనక్కి చూసిందని. ఇంకా వ్యవధి ఉంది. ఈ ఉత్తరం అందిన రోజే కూర్చో, అంతే చాలు.

నీ చెల్లెలు,
వేదవల్లి

రాజపాళయం,
10-2-1964

చిరంజీవి వేదవల్లికి,

నీ ఉత్తరం అందింది. ఇల్లంతా పండగ చేసుకుంది. కానీ చదవలేకపోయాం!

నేను కవరు చించి చూస్తే అన్నీ జాంగిరీ చుట్టల్లాంటి అక్షరాలు. తెలుగు అని మాత్రం తెలిసింది, మిల్లు ఇంజనీరు టేబుల్ మీద పేపర్లో చూశాను కాబట్టి. ఆయన గుంటూరాయన, సెలవు మీద ఊరెళ్ళాడు. ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు అని చూస్తూ నీకు జవాబు ఆలస్యం చేశాను. అంగడి గోవిందరాజన్ వాళ్ళ తాతకు తెలుగు రాతలో లెక్కలు వచ్చేవట. ఆయన పోయాక ఆ ఇంట్లోనూ ఎవరికీ రాదు. గోవిందరాజన్ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి, "అచ్చరం బో అందంగా ఉండాది" అని తిరిగి ఇచ్చాడు.

ఇంత అందంగా రాశావంటే మంచి కబురే అని అందరం తీర్మానించాం. పరీక్షకు ముందే పాటను మెచ్చుకుని ఉంటారని నేనన్నాను. మీ వదిన కేసరి చేసి వీధిలో పంచింది. ఉత్తరానికి పసుపు పెట్టి సామి పటం దగ్గర ఉంచింది.

అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుని తడిమి చూసింది. దగ్గు ఎక్కువగా ఉంది, పడుకునే ఉంటోంది. "పిల్ల ఏమి రాసినాదిరా?" అని అడిగింది. సుఖంగా ఉంది, నిన్ను అడిగింది అని చెప్పాను. "పాట గురించి ఏమన్నా అడిగినాదా?" అంది. లేదవ్వా అన్నాను. నాకు తెలియదు కదా. "సరి, పోనీ" అని అటు తిరిగి పడుకుంది.

ఈసారి మన అక్షరాల్లోనే రాయి తల్లీ.

నీ అన్న,
పె. బాలకృష్ణన్

ఢిల్లీ,
16-2-1964

అన్నా,

తమిళ అక్షరాల్లోనే రాస్తున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. కొత్త అక్షరం చూసుకుని మురిసిపోయి, అది చదివేవాళ్ళు మన ఇంట్లో లేరన్న సంగతే మరిచిపోయాను.

మంచి కబురు కాదు. నువ్వు పంపింది గ్రామఫోను పాటని తెలిసిపోయింది. ఆ ఉత్తరం నిండా నేను అడిగింది ఒక్క పాట గురించే. అవ్వ దగ్గరికి ఇప్పుడే వెళ్ళు. అడిగింది అవ్వా, పాట గురించే అడిగింది, నాకే చదవడం రాలేదు అని చెప్పు. ఆమె ఎలా పాడితే అలా రాయి. నీ కాళ్ళు పట్టుకుంటాను.

వేదవల్లి

రాజపాళయం,
8-3-1964

చెల్లీ వేదవల్లికి,

అవ్వ పోయింది. పోయిన నెల 21, శుక్రవారం పొద్దున, కంజి తాగించబోతే వద్దని చెయ్యి ఊపింది, అంతే. మర్నాడు చితి చల్లారకముందే నీ ఉత్తరం వచ్చింది. పరీక్ష అయ్యేదాకా నీకు చెప్పవద్దని మీ వదిన అంది. కానీ నువ్వు రోజూ పాట కోసం పోస్టు చూస్తూ ఉంటావు, అది తలుచుకుంటే అన్నం దిగలేదు.

నిన్న పదహారో రోజు. ఇంజనీరు సెలవు నుంచి వచ్చి పలకరించడానికి ఇంటికి వచ్చాడు. మీ వదిన సామి దగ్గరి నీ పాత ఉత్తరం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన అందరి ముందూ పైకి చదివాడు. మన మాట అంటే నీకు సిగ్గు అన్న చోట ఒకసారి ఆగి, నా వైపు చూసి, మళ్ళీ చదివాడు. ఈ ఉత్తరం అందిన రోజే కూర్చో అన్నావు. అందిన రోజు మేము కేసరి తింటున్నాం.

అక్టోబరులో అవ్వ పాటంతా పాడింది, వేదా. నిజం. నేను చేతిలో పెన్సిలు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. పాట నిండా తమిళం, నోట్లో పళ్ళు లేక సగం గాలి. దీన్ని దొరల ముందు పెడితే నీ పరువు పోతుందని ఒక్క ముక్క రాయలేదు. మిల్లు మేనేజరు ఇంట్లో విన్న గ్రామఫోను పాటను ఇంజనీరు చేత చెప్పించుకుని రాశాను. అవ్వ మూడో వరుస పాడటం నా చెవులతో విన్నాను. ఇప్పుడు రాగం వస్తోంది, మాట రావడం లేదు. మిల్లులో, బస్సులో, స్నానం చేస్తూ తలబాదుకుంటున్నాను. రావడం లేదు.

మంసాపురం నుంచి బొమ్మక్క వచ్చింది, అవ్వతో కలిసి రోకలి పోటు వేసినామె. ఆమెను అడిగాను. "నాకు తెలిసినాది ఆ రెండు వరుసలేనప్పా. తరవాతది మీ అవ్వ జక్కక్కే పాడతా ఉండె, మేము ఊ కొడతా ఉంటిమి" అంది. చివరి రోజుల్లో అవ్వ ఊయల దగ్గర ఏదో పాడేదని మీ వదిన చెబితే శివకామిని కూడా అడిగాం. అది చప్పట్లు కొట్టింది.

నా మాట విను. ఆ గ్రామఫోను పాటే చెప్పెయ్యి. అది నీకు బాగా వచ్చు. పరీక్షకులకు ఏం తెలుస్తుంది? అవ్వ ఎలాగూ లేదు, నీ చదువైనా నిలవాలి.

నీ అన్న

ఢిల్లీ,
26-3-1964

అన్నకు,

నీ ఉత్తరం పరీక్షకు ముందు అందింది. రాజ్యలక్ష్మి రెండు రోజులు నా పక్కనే ఉంది. మన మైల పద్ధతి ఆమెకు తెలియదు కాబట్టి తలస్నానానికి నీళ్ళు మాత్రం కాచి ఇచ్చింది.

పరీక్ష పోయింది. ఊళ్ళో అడిగేవాళ్ళకు నువ్వే చెప్పాలి కాబట్టి ఎలా పోయిందో రాస్తున్నాను.

నీ పాట నా సంచిలోనే ఉంది. కంఠతా వచ్చు. ముగ్గురి ముందు నిలబడి మొదలుపెడదామని నోరు తెరిచాను. కాంత అన్న మాట నాలుక దాటలేదు. అవ్వ రెండు వరుసలు పాడాను. స్పానిష్‌లో చెప్పాను. తరవాత ఏమిటి అన్నారు. అంతే అన్నాను. మధ్యలో కూర్చున్న పెద్దాయన మర్యాదగానే అడిగాడు, ఆ పిల్ల దేనికోసం వెనక్కి చూసింది అని.

తెలియదు అన్నాను. అక్కడితో ఆగితే సరిపోయేది. ఆగలేదు. తెలిసిన మనిషి చనిపోయింది, ఆమె చెప్పడానికి సిద్ధంగా ఉన్నప్పుడు మేము వినలేదు, మేము అడిగినప్పుడు ఆ అడగటం ఆమెకు చేరలేదు, మా భాషకు మా ఇంట్లో అక్షరం లేదు అని చెబుతూనే పోయాను. బావి దగ్గర తోడికోడలు, బిడ్డ పోయిన తల్లి, గాడిదలు తోలేవాళ్ళు, అందరి మాటలూ నా నోట్లోకి వచ్చాయి. ఒక్కచోట కూడా తడుముకోలేదట, ఎల్విరా అమ్మ తరవాత చెప్పింది. ఈ రెండేళ్ళలో నేను నిజంగా స్పానిష్ మాట్లాడింది ఆ కాసేపేనట. కానీ పూర్తి రచన ఒకటి వినిపించి చర్చించాలన్నది నియమం. సగం పాటకు మార్కులు వెయ్యడానికి వీల్లేదన్నారు. ఆమె వాదించింది. ఓడిపోయింది.

నీ మీద కోపం వస్తోంది, పోతోంది, మళ్ళీ వస్తోంది. దాచను. నా మీద ఇంకా ఎక్కువ వస్తోంది. నువ్వు వినీ రాయలేదు. నేను ఇరవై ఏళ్ళు ఆ ఒళ్ళో పడుకుని అడగనే లేదు. స్పెయిన్‌లో ఏ కొండ మీద ఏ గాడిదలవాడు ఏం పాడాడో ఇప్పుడు చెప్పగలను. పెద్దనాన్న తిణ్ణె మీద అన్న మాటకు ఇంతకన్నా జవాబు లేదు.

వచ్చే నెల మొదట్లో బయలుదేరతాను. స్టేషనుకు ఎవరూ రావద్దు, బస్సెక్కి వస్తాను. టీచరు ట్రైనింగుకు పెద్దనాన్న ఎక్కడ చేరమంటే అక్కడే చేరతాను. పుస్తకాలు ఇక్కడే లైబ్రరీకి ఇచ్చేశాను. నువ్వు రాగం గుర్తుందని అన్నావు. నేను వచ్చాక దాన్ని నా ఎదుట ఎప్పుడూ కూనిరాగం తీయకు. ఇదొక్కటి చెయ్యి.

శివకామిని నిద్రపుచ్చడానికి ఆ రెండు వరుసలు పాడవద్దని వదినకు చెప్పు. పిల్ల పెద్దదవుతోంది. మూడోది అడుగుతుంది.

వేదవల్లి